ఆర్‌జే45 కనెక్టర్ కేబుల్‌కు సరిపోకపోతే కనిపించే లోపాలు, వాటి పరిష్కారాలు

నెట్ తరచుగా తెగిపోతున్నప్పుడు మనం ముందు రౌటర్‌ను, ఆ తర్వాత సర్వీసు ఇచ్చే కంపెనీని అనుమానిస్తాం. కేబుల్ చివర ఉన్న, పది రూపాయలు కూడా చేయని కనెక్టర్ మీదికి అనుమానం చివరకు గానీ పోదు. ఆర్‌జే45 అని పిలుచుకునే ఈ కనెక్టర్లన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి, ఏ పోర్టులోనైనా టక్కున కూర్చుంటాయి. తేడా అంతా వెనక, కేబుల్ దూరే వైపు ఉంటుంది. కనుక కనెక్టర్ కొనే ముందు కేబుల్ జాకెట్ (పై తొడుగు) మీద అచ్చు వేసిన వరుసను ఒకసారి చదవాలి. కేబుల్ శ్రేణి క్యాట్ 5ఈనా, దానికంటే పైదైన క్యాట్ 6నా, తీగ మందం 24 ఏడబ్ల్యూజీనా, 23నా, ఫాయిల్ లేని యూటీపీనా, బయటి విద్యుత్ అలజడిని అడ్డుకునే ఫాయిల్ లోపల ఉన్న ఎఫ్‌టీపీనా అన్నది చాలావరకు అక్కడే ఉంటుంది.

300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా వేగం 94, 95 దగ్గరే ఆగిపోతోంది

ఈ అంకె కనిపిస్తే లింక్ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) నుంచి 100 ఎంబీపీఎస్‌కు పడిపోయిందని దాదాపుగా ఖాయం చేసుకోవచ్చు. కంప్యూటర్‌లోని ఈథర్‌నెట్ స్టేటస్‌లో లింక్ స్పీడ్ చూస్తే ఆ సంగతి తేలిపోతుంది. కేబుల్‌లోని ఎనిమిది తీగలు రెండేసి చొప్పున పురి తిరిగి నాలుగు జతలుగా ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పిన్నులకు వెళ్లే రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. కాబట్టి 4, 5, 7, 8 పిన్నుల్లో ఒక్కటి సరిగా తగలకపోయినా చాలా పరికరాలు చప్పుడు చేయకుండా తక్కువ వేగానికి దిగిపోతాయి; కొన్నింటిలో మాత్రం లింక్ అసలు రాదు.

దీనికి నేను ఎక్కువగా చూసిన కారణం క్యాట్ 6 కేబుల్‌కు క్యాట్ 5ఈ కనెక్టర్ వేయడం. ఏడబ్ల్యూజీ అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుంది: 24 ఏడబ్ల్యూజీ రాగి తీగ మందం 0.51 మిల్లీమీటర్లు, 23 ఏడబ్ల్యూజీ తీగది 0.57. ఇన్సులేషన్ కూడా కలిస్తే ఎనిమిది తీగలు పక్కపక్కన ఇరుకు గాడుల్లోకి చివరిదాకా దూరవు. ఒకటి రెండు తీగలు మధ్యలోనే ఆగిపోయినా, పైనుంచి చూసేవారికి అన్నీ సరిగా ఉన్నట్టే అనిపిస్తుంది. క్రింప్ చేసే ముందు, అంటే టూల్‌తో పిన్నులను తీగల్లోకి నొక్కి బిగించే ముందు, కనెక్టర్ మూతివైపు నుంచి (పోర్టులోకి దూరే కొస నుంచి) చూసి, ఎనిమిది రాగి కొసలూ ఒకే వరుసలో మెరుస్తున్నాయో లేదో లెక్కపెట్టుకోవాలి. లావు తీగలకు క్యాట్ 6 కనెక్టరే కొనాలి. అందులో గాడులు కిందికీ పైకీ మార్చి మార్చి ఉంటాయి, కొన్నింటికి తీగలను ముందే వరుసగా పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్క విడిగా వస్తుంది. దాన్ని అనవసరమనుకొని పారేసేవారిని చూశాను. లావు తీగలు దారి తప్పకుండా గాడుల్లోకి వెళ్లేది దానివల్లనే.

కేబుల్ కదిలిస్తే నెట్ వస్తుంది, మళ్లీ కదిలిస్తే పోతుంది

ఇది అన్నింటిలోకీ విసిగించే లోపం, ఎందుకంటే పరీక్షించే సమయంలో లైను చక్కగా పనిచేస్తుంది. గోడలో వేసే కేబుల్‌లో ప్రతి తీగా ఒకే గట్టి రాగి కడ్డీలా ఉంటుంది, దాన్ని సాలిడ్ అంటాం. రెండు కొసలా కనెక్టర్లతో తయారుగా దొరికే పొట్టి కేబుళ్లలో, అంటే ప్యాచ్ కార్డుల్లో, చాలావాటిలో సన్నని పోగులు కలిపి పేనిన స్ట్రాండెడ్ తీగ ఉంటుంది. కనెక్టర్ పిన్ను అడుగున ఉండే పళ్లు ఈ రెండింటికీ వేర్వేరుగా ఉంటాయి. రెండు పళ్ల పిన్ను పోగుల మధ్యలోకి గుచ్చుకొనిపోవడానికి తయారైనది. మూడు పళ్ల పిన్నులో పళ్లు కాస్త అటూ ఇటూ వంగి, సాలిడ్ తీగను రెండు వైపుల నుంచీ బిగించి పట్టుకుంటాయి. రెండు పళ్ల కనెక్టర్‌ను సాలిడ్ తీగకు వేస్తే, పళ్లు గట్టి రాగిలోకి దిగలేక పక్కకు జారిపోతాయి.

ఒక అపార్ట్‌మెంట్‌లో నేను స్వయంగా వేసిన లైను మూడు నెలలు సవ్యంగా పనిచేసి, ఏప్రిల్ వచ్చాక మధ్యాహ్నం పూట మాత్రమే తెగడం మొదలుపెట్టింది. నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) వేడెక్కుతోందని ఫ్యాన్ పెట్టించాను, ఫలితం లేదు. చివరకు కనెక్టర్ కోసి, వెనక ఫోన్ టార్చి పెట్టి చూస్తే, ఆరో పిన్ను పళ్లు ఇన్సులేషన్‌లోకి దిగాయి గానీ రాగిని తగిలీ తగలనట్టు ఆనుకొని ఉన్నాయి. వేడికి ప్లాస్టిక్ కాస్త సాగితే ఆ సంపర్కం తెగిపోతోందన్నమాట. నేను తెచ్చిన వంద కనెక్టర్ల ప్యాకెట్ మీద అవి ఏ రకం తీగకో రాసి లేదు, నేనూ అడగలేదు. అప్పటి నుంచి పారదర్శకంగా ఉన్న కనెక్టర్‌ను వెలుతురుకు పట్టి పళ్లు చూసుకున్నాకే కొంటున్నాను. మూడు పళ్లవాటిలో చాలా రకాలు రెండు తరహాల తీగకూ పనికొస్తాయి, అయినా ప్యాకెట్ మీద ఆ మాట ఉందో లేదో చూడటం మంచిది.

గోడలోంచి వచ్చే సాలిడ్ కేబుల్‌కు అసలు కనెక్టరే వేయకుండా, ఐవో బాక్సులో (గోడకు బిగించే నెట్ పాయింట్ పెట్టెలో) కీస్టోన్ జాక్ అనే సాకెట్ పెట్టి, పంచ్ డౌన్ టూల్‌తో తీగలను దాని గాడుల్లోకి నొక్కి దించి, అక్కడి నుంచి కంప్యూటర్ దాకా తయారుగా దొరికే ప్యాచ్ కార్డు వాడటం ఇంకా నికరమైన పద్ధతి. మాటిమాటికీ వంగేది ప్యాచ్ కార్డు మాత్రమే కాబట్టి గోడలోని తీగకు శ్రమ ఉండదు.

టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలుగుతున్నాయి, నెట్ మాత్రం నత్తనడక నడుస్తోంది

చవక టెస్టర్ ఒక కొస నుంచి మరో కొసకు తీగ ఉందా అని మాత్రమే చెబుతుంది, జతలు సరిగా ఉన్నాయా అన్నది దానికి తెలియదు. రెండు కొసల్లోనూ ఒకే వరుస ఉంటే చాలనుకొని జతలను 1-2, 3-4, 5-6, 7-8గా పెడితే, 3, 6 పిన్నులకు రెండు వేర్వేరు జతల తీగలు వెళ్తాయి. పురి తిరిగిన జత విడిపోయాక ఒకదాని సిగ్నల్ మరొకదానిలోకి దూరుతుంది. టీ568బీ అనే ప్రామాణిక రంగుల వరుసనే పాటించాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. వరుస సరిగానే ఉన్నా పురిని 13 మిల్లీమీటర్లకు మించి విప్పితే ఇదే ఇబ్బంది వస్తుంది. జాకెట్ కనెక్టర్ లోపలికి వెళ్లి, వెనకనున్న పట్టు కింద నొక్కుకొని ఉంటే పురి విప్పినది తక్కువేనని అర్థం.

పీఓఈ కెమెరా పగలంతా బాగుండి, చీకటి పడగానే ఆగి ఆగి వస్తోంది

పీఓఈ అంటే నెట్ కేబుల్ గుండానే పరికరానికి కరెంటు కూడా అందడం. చీకట్లో కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి కరెంటు వాడకం పెరుగుతుంది. పగలు బొటాబొటిగా సరిపోయిన సంపర్కం ఆ భారాన్ని మోయలేకపోతుంది. పిన్నుల మీద బంగారు పూత మరీ పలుచగా ఉన్న కనెక్టర్ తీసేసి, 50 మైక్రో అంగుళాల పూత ఉన్నట్టు పేర్కొన్నది వేయాలి. తీగ కొసలు ముందు నుంచి బయటికి వచ్చే పాస్ త్రూ కనెక్టర్ పని సులువు చేస్తుందన్నది నిజమే, కానీ ఆ కొసలను కోసే క్రింపింగ్ టూల్ బ్లేడు మొద్దుబారితే కొసలు నున్నగా తెగక పక్కపక్కన తగులుకునే ప్రమాదం ఉంది. అందుచేత పీఓఈ లైనుకు నేను దాన్ని వాడను.

కనెక్టర్ మార్చినా లోపం పోకపోతే తీగను బ్లేడుతో గీరి చూడాలి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దాని నిరోధం ఎక్కువ, పళ్లు దిగిన చోట తుప్పు పడుతుంది, వంచితే విరుగుతుంది. ఏ కనెక్టరూ దాన్ని బాగు చేయలేదు, కేబుల్ మార్చక తప్పదు.

ఫాయిల్ ఉన్న కేబుల్ వేసినా ఎర్రర్లు తగ్గలేదు

మామూలు ప్లాస్టిక్ కనెక్టర్ వేస్తే ఫాయిల్, దానితో వచ్చే డ్రెయిన్ వైరు (ఫాయిల్‌ను ఎర్త్‌కు కలిపే ఉట్టి తీగ) దేనికీ కలవకుండా మిగిలిపోతాయి. లోహపు తొడుగున్న కనెక్టర్ తీసుకొని, డ్రెయిన్ వైరు ఆ తొడుగుకు తగిలేలా వెనక్కి మడిచి బిగించాలి. స్విచ్ వైపు ఎర్తింగ్ కూడా సరిగా ఉండాలి. ఎర్తింగ్ మీద నమ్మకం లేని ఇంట్లో యూటీపీ కేబుల్ వేసి, కరెంటు వైర్ల పైపులోంచి కాకుండా విడి పైపులో తీసుకెళ్లడమే మేలని నా అభిప్రాయం.

వానలు మొదలయ్యాక మేడ మీది లైను పోయింది

పిన్నుల మీద పచ్చని చిలుము కనిపిస్తే నీరు చేరిందని అర్థం. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే చోట వాన పడకపోయినా చిలుము పడుతుంది. తుడిచి మళ్లీ పెట్టడం రెండు రోజుల ముచ్చట. రాగి ఎర్రగా మెరిసేదాకా కేబుల్ కోసి, కొత్త కనెక్టర్ వేసి, రబ్బరు వాషరున్న, నీరూ దుమ్మూ దూరని ఐపీ67 తొడుగులో బిగించాలి. వాషర్ కేబుల్ లావుకు సరిపోవాలి. ఆ తొడుగులోకి దూరే ముందు కేబుల్‌ను కాస్త కిందికి వేలాడదీసి పైకి తీసుకెళ్తే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

క్లిప్ విరిగి కనెక్టర్ జారిపోతోంది

దీనికి టేపు వేయడం వైద్యం కాదు. కోసి కొత్తది వేసి, క్లిప్‌ను కప్పే రబ్బరు బూట్ తొడగాలి. బూట్‌ను మాత్రం కనెక్టర్ కంటే ముందే కేబుల్‌కు ఎక్కించాలి. క్రింప్ చేశాక గుర్తొస్తే మళ్లీ కోయవలసిందే.