కీచుమనే బెల్టుకు స్ప్రే సీసా పరీక్ష

పొద్దున్నే పికప్ బండి స్టార్ట్ చేయగానే ఇంజిన్ ముందు భాగం నుంచి వచ్చే కీచు శబ్దానికి విసిగి, అసలు లోపం ఏదో చూడకుండానే కొత్త బెల్టు వేయించి, రెండు రోజులకే మళ్లీ అదే శబ్దం విన్నాక ఈ పద్ధతి తెలుసుకున్నాను.

బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, బానెట్ ఎత్తి ఇంజిన్‌ను ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, నడవనివ్వాలి. మొక్కలకు నీళ్లు చల్లే స్ప్రే సీసాతో, శబ్దం వస్తున్నప్పుడే, బెల్టుకు గాడులున్న వైపున రెండు మూడు సార్లు మామూలు నీళ్లు చల్లాలి. చేతులు, కండువా ఫ్యానుకు దూరంగా ఉండాలి. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ మీద నీళ్లు పడకూడదు.

నీళ్లు పడగానే శబ్దం పెరిగితే బెల్టు జారుతోందని, అంటే బిగువు తగ్గిందనో, బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బలహీనపడిందనో అనుకోవచ్చు. శబ్దం ఆగిపోయి, తడి ఆరాక మళ్లీ మొదలైతే బెల్టు చుట్టి తిరిగే చక్రాలు (పుల్లీలు) ఒకే వరుసలో లేవేమోనని చూడాలి. నా బండిలో తేలింది ఇదే కనుక కొత్త బెల్టు ఖర్చు దండగైంది. ఏ మార్పూ లేకపోతే బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ, వాటర్ పంపు, ఆల్టర్నేటర్‌లలో ఏదో ఒక బేరింగ్‌ను అనుమానించాలి.

బెల్టుకు ఆయిల్ గానీ ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ గానీ అంటి ఉంటే ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది కనుక, ముందు ఆ లీకేజీని సరిచేయించి, నానిన బెల్టును మార్పించాలి.