ఆవకాయ బూజు పట్టిందా? ముందు ముక్క కొరికి చూడండి

శ్రావణమాసం వచ్చేసరికి నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే రకంగా ఉంటాయి. "పిన్నీ, ఆవకాయ బూజు పట్టింది." "అత్తా, ముక్క మెత్తబడిపోయింది, ఏం చెయ్యమంటావు?" ఉప్పు సరిపోయిందా అని అడుగుతాను. "ఉప్పు బాగానే ఉంది, ఎవరో తడి గరిటె పెట్టుంటారు" అంటారు. మూడో రోజు తిరగగలిపినప్పుడు ముక్క కొరికి చూశావా అని అడిగితే మాత్రం అటునుంచి జవాబు రాదు.

ఇది ఆవకాయ పెట్టడం వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. కాయ కడిగి తుడిచి ఆరబెట్టడం, జీడి తీసి టెంక లోపలి పొర గీకెయ్యడం, జాడీని ఎండలో పెట్టడం ఇవన్నీ మీరు చేస్తారనే అనుకుంటున్నాను. అన్నీ చేసినా పాడైతే ఎక్కడ వెతకాలో చెబుతాను.

పైన తెల్లగా కనిపిస్తోంది

అది బూజో కాదో ముందు తేల్చుకోండి. జాడీ మెడ దగ్గర, పైకి తేలిన ముక్కల అంచుల మీద ఉప్పు పేరుకున్నా తెల్లగానే ఉంటుంది. పొడి స్పూనుతో కాస్త తీసి వేళ్ల మధ్య నలపండి. గరగరలాడి, చుక్క నీళ్లలో వేస్తే కరిగిపోయిందంటే ఉప్పే, కంగారు అక్కర్లేదు. దూదిలా ఉండి తడిగుడ్డ ముక్కిపోయిన వాసన వస్తే బూజు.

బూజే అయితే ఎక్కడుందో చూడండి. నూనెలోంచి పైకి పొడుచుకొచ్చిన ముక్కల మీద మాత్రమే ఉంటే నూనె తక్కువైందని అర్థం. ఆవపిండి రోజులు గడిచేకొద్దీ నూనె పీలుస్తూనే ఉంటుంది. మూడో రోజు తేలిన నూనె నెల తర్వాత చూస్తే దిగిపోయి ఉంటుంది. ముక్కల మీద కణుపెడు మందాన నూనె నిలిచి ఉండాలి. బూజు ఇంకా రాని జాడీలో నూనె దిగిపోయి కనిపిస్తే, నువ్వుల నూనె కాచి, పూర్తిగా చల్లారాక పొయ్యండి. గోరువెచ్చగా ఉండగానే పోసి మూత పెడితే మూతకు పట్టిన ఆవిరి చుక్కలై మళ్లీ పచ్చడిలోకే పడుతుంది.

బూజు వచ్చేసిన జాడీని పైపైన గీకేసి కిందది తినమని నేను చెప్పను. కంటికి కనిపించేదానికంటే లోతుగా దిగుతుందది. ఎంత ప్రాణం ఉసూరుమన్నా పారెయ్యండి.

బూజు అడుగుదాకా ఉంది, లేదా ముక్క మెత్తబడి నురగ వస్తోంది

ఇది ఉప్పు తక్కువవడం వల్ల. తడి గరిటె వల్ల కాదు. తడి గరిటె నష్టం అది తగిలిన చోట, పైనే మొదలవుతుంది. ఎవరూ ముట్టుకోని అడుగు ముక్క కూడా పాడైందంటే జాడీ మొత్తానికీ ఉప్పు చాల్లేదన్నమాట.

నాకూ ఇది రెండేళ్లు నష్టపోతేగానీ తెలియలేదు. మొదటి ఏడాది నలభై కాయల ఆవకాయ, మా అమ్మ కొలతలతోనే పెట్టాను. వానలు పడ్డాక జాడీ విప్పితే లోపలంతా నురగ, ముక్కలు పిసికితే చితికిపోతున్నాయి. చిన్నవాడు తడి చెయ్యి పెట్టాడని వాడిని నానా మాటలూ అన్నాను. మరుసటి ఏడాది జాడీని ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు. అప్పుడూ అదే జరిగింది. వాడిని అన్న మాటలు గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తర్వాత అమ్మ సోల పక్కనే తక్కెడ పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ కల్లుప్పును రెండు రోజులు ఎండబెట్టి, రోట్లో మెత్తగా దంచి, అప్పుడు కొలిచేది. నేను ఉప్పును పలుకులు పలుకులుగానే అదే సోలతో కొలిచి వేశాను. పలుకుల మధ్య ఖాళీలు ఉంటాయి కదా, తూకం వేస్తే దంచిన ఉప్పుకంటే దాదాపు పావు వంతు తక్కువ తేలింది. పైగా కల్లుప్పు గాలిలో తేమ పీలుస్తుంది. ఎండబెట్టని ఉప్పు తూకంలో కొంత నీళ్లే. ఉప్పు తగ్గించి నీళ్లు కలిపిన పని చేశాను నేను.

అక్కడితో అయిపోలేదు. అసలు మోసం మొదటిరోజు రుచి దగ్గర జరుగుతుంది. కలిపిన వెంటనే నాలుక మీద వేసుకుంటే ఉప్పు కషాయంలా ఉంటుంది. ఎందుకంటే ఉప్పంతా ఇంకా పిండిలోనే ఉంది, ముక్క లోపలికి పోలేదు. "అమ్మో, ఉప్పెక్కువైంది" అని అప్పటికప్పుడు ఇంకొన్ని ముక్కలో, ఇంకాస్త పిండో కలిపేస్తారు. మూడో రోజుకు ముక్కలోంచి నీరు ఊటగా బయటికి వచ్చి, ఉప్పు ముక్కలోకి వెళ్లి, రెండూ సర్దుకుంటాయి. అసలు ఉప్పు ఎంతో అప్పుడే తెలుస్తుంది. అప్పుడు కూడా గుజ్జు నాకి చూసి సరిపోయిందనుకుంటారు. కారం, ఆవ ఘాటు నాలుకను కప్పేస్తాయి కాబట్టి గుజ్జు రుచిని నమ్మలేం. ఒక్క ముక్క తీసి, పైనున్న పిండి తుడిచి, టెంక దాకా కొరకండి. లోపలి కండ పచ్చి మామిడికాయలా కేవలం పుల్లగా ఉంటే ఉప్పు చాల్లేదు. పులుపుతోపాటు ఉప్పు గట్టిగా తెలియాలి. వేడన్నంలో కలుపుకుంటే మూడో రోజు ఉప్పు ఒక పిసరు ఎక్కువే అనిపించాలి. అలా ఉంటేనే ఏడాది నిలుస్తుంది.

తక్కువైతే అక్కడికక్కడే సరిచెయ్యొచ్చు. కల్లుప్పు ఎండబెట్టి లేదా మూకుట్లో వేడిచేసి, చల్లార్చి, మెత్తగా దంచండి. కిలో ముక్కకు 30 గ్రాములు చల్లి, అడుగునుంచి తిరగగలిపి, రెండు రోజులాగి మళ్లీ ఒక ముక్క కొరకండి. చాలకపోతే ఇంకోసారి. మొదటి వారంలో ఇది పనిచేస్తుంది. నురగ మొదలయ్యాక ఎంత ఉప్పు పోసినా మెత్తబడ్డ ముక్క గట్టిపడదు.

నేను ఇప్పుడు కొలతపాత్రలన్నీ పక్కన పెట్టేసి తూకమే నమ్ముతున్నాను. కిలో ముక్కకు కారం 250 గ్రాములు, ఆవపిండి 250, ఎండిన ఉప్పు 220, నూనె అర లీటరు. ఉప్పు 200 కంటే ఎప్పుడూ దించను. సగం కప్పులతో, సగం తక్కెడతో మాత్రం చెయ్యకండి. కప్పు కారం తూకం కప్పు ఉప్పు తూకంలో సగం కూడా ఉండకపోవచ్చు.

అమెరికాలో ఉన్న పిల్లలకు ఇది మరీ ముఖ్యం. అక్కడ దొరికే కోషర్ సాల్ట్ పొరలుపొరలుగా ఉంటుంది. కొన్ని రకాలు కప్పుకు మామూలు మెత్తటి ఉప్పులో సగమే తూగుతాయి. మా మేనకోడలు అమ్మమ్మ చెప్పిన కప్పు లెక్కతోనే పెట్టి, ఫ్రిజ్‌లో దాచినా ముక్కలు మెత్తబడ్డాయని ఏడ్చినంత పని చేసింది. అయొడైజ్డ్ ఉప్పు వేస్తే ఆవకాయ పాడవుతుందని చాలామంది అంటారు. నేను రెండూ వేసి చూశాను, తూకం సరిపోయినప్పుడు రెండూ నిలిచాయి. రుచికి మాత్రం నాకు కల్లుప్పే ఇష్టం. ఉప్పు పండించే శ్రీకాకుళం జిల్లా నౌపడ వైపు నుంచి బంధువులెవరైనా వస్తుంటే ఉప్పే తెమ్మంటాను.

ఉప్పు సరిపోయింది, ముక్క మాత్రం మెత్తబడింది

కాయ ముదరలేదు, లేదా లోపల రంగు తిరిగింది. టెంక కత్తికి గట్టిగా తగలాలి, కండ తెల్లగా ఉండాలి. జలాలైనా, చిన్నరసాలైనా, కొత్తపల్లి కొబ్బరైనా పచ్చిగా గట్టిగా ఉన్నప్పుడే. రెండు మూడు వానలు పడ్డాక కొన్న కాయతో నేను ఏడాది ఆవకాయ పెట్టను. బజార్లో ముక్కలు కొట్టించేటప్పుడు పక్కనే నిలబడండి. కత్తి కడగడానికి వాళ్లు బకెట్లో నీళ్లు పెట్టుకుంటారు, మొద్దు కూడా తడిగా ఉంటుంది. ఇంటికి రాగానే ప్రతి ముక్కా పొడిగుడ్డతో తుడవాల్సిందే. మెత్తబడిపోయినదాన్ని, వాసన బాగుంటే, ఫ్రిజ్‌లో పెట్టి ముందుగా తినెయ్యండి.

చేదుగా ఉంది

ఆవపిండి. కొత్త ఆవకాయలో కాస్త చేదు సహజమే, మూడు వారాలు ఆగితే తగ్గుతుంది. తగ్గకపోతే ఆవాలు వేయించి ఉంటారు, లేదా మిక్సీలో ఆపకుండా తిప్పి వేడెక్కించి ఉంటారు. వచ్చే ఏడాది ఎండబెట్టి, ఆపి ఆపి తిప్పండి. ఈ ఏడాదిదానికి కొంచెం బెల్లం నూరి, తినేముందు విడిగా తీసుకున్న దాంట్లో కలుపుకోండి.

ఉప్పు నిజంగానే ఎక్కువైంది

మూడో రోజు ముక్క కొరికాక కూడా ఎక్కువనిపిస్తేనే ముట్టుకోండి. కొత్త ముక్కలు, కారం, ఆవపిండి, నూనె ఉప్పు లేకుండా కలిపి అందులో చేర్చి, మళ్లీ మూడు రోజులాగి రుచి చూడండి.

మిగతావి

తెలంగాణ పద్ధతిలో అల్లంవెల్లుల్లి ముద్ద వేసి పోపు పెట్టేవాళ్లు నీళ్లు చుక్క తగలకుండా నూరి, నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, చల్లార్చాకే కలపండి. వెల్లుల్లి రెబ్బలు పచ్చిగా వేసేవాళ్లు వలిచాక ఒక పూట ఆరనివ్వండి. పైపొర నల్లబడితే పాత కారమో, గాలి తగలడమో అయ్యుంటుంది. రుచి, వాసన బాగుంటే తినొచ్చు. కల్తీ నూనె, జాడీకి సన్నటి పగులు లాంటివి ఇన్నేళ్లలో ఒకటి రెండుసార్లే చూశాను. ముక్క కొరికి ఉప్పు చూశాకే వాటి గురించి నాకు ఫోన్ చెయ్యండి.