పది నిమిషాలకే ఆఫ్ అయ్యే కంప్యూటర్: ప్రాసెసర్ మీది కూలర్‌ను వెనక నుంచి చూశారా?

లక్షణం: స్విచ్ వేస్తే మామూలుగానే ఆన్ అవుతుంది, విండోస్ కూడా వస్తుంది. పది నిమిషాలకు టక్కున ఆగిపోతుంది. వెంటనే మళ్లీ వేస్తే రెండు నిమిషాలు కూడా నిలవదు. అరగంట వదిలేసి వేస్తే మళ్లీ పది నిమిషాలు నడుస్తుంది.

చల్లారితే నడుస్తోందంటే అది వేడి గొడవ. అయినా నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అప్పటికే ఫార్మాట్ కొట్టించుకుని వస్తారు!

ముందు యూపీఎస్ పక్కన పెట్టి, గోడ సాకెట్‌కు నేరుగా పెట్టి చూడండి. బోరు మోటార్ వేసినప్పుడల్లా ఆఫ్ అవుతుంటే యూపీఎస్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. దాని ఆయుష్షు రెండు మూడేళ్లే. ఈ ఒక్క పని చేయకుండా ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి కరెంటు సప్లై డబ్బా) కొనేవాళ్లను ఎంతమందిని చూశానో.

అప్పటికీ ఆగిపోతుంటే ఆన్ కాగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే వచ్చే సెట్టింగుల తెర) వెళ్లండి. హార్డ్‌వేర్ మానిటర్ పేజీలో సీపీయూ, అంటే ప్రాసెసర్ టెంపరేచర్ ఉంటుంది. 40, 50 డిగ్రీల దగ్గర నిలబడితే మంచిదే. మే నెలలో రేకుల గదిలో 60 చూపించినా టెన్షన్ పడొద్దు. మీరు చూస్తుండగానే 70, 80, 90 అని ఎక్కుతుంటే మాత్రం ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ పని చేయట్లేదు. బయోస్‌లో ఉండగానే ఆగిపోయిందంటే విండోస్ జోలికి పోకండి, దాని తప్పేం లేదు.

దుమ్ము సంగతి అందరికీ తెలుసు. కాకపోతే మా నల్లగొండ వైపు పత్తి ఎక్కువ, జిన్నింగ్ మిల్లుల దగ్గరి ఇళ్లలో నూగు ఫ్యాన్ రెక్కలు దాటి కింద వేడిని లాగే లోహపు దిమ్మె, అదే హీట్‌సింక్ మీద దుప్పటిలా పేరుకుంటుంది. పైన బ్లోయర్ కొడితే పోదు. ఫ్యాన్ విప్పి చేత్తో తీయాలి.

ఇప్పుడు అసలు దొంగ. ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. దుమ్ము దులిపి తిరిగి బిగించేటప్పుడు ఒక్కటి సరిగ్గా దిగకపోయినా హీట్‌సింక్ ఓ పక్కకు లేచి ఉంటుంది. పైనుంచి చూస్తే నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. గైడ్లలో బొమ్మలు కూడా పైనుంచి తీసినవే ఉంటాయి, మదర్‌బోర్డు వెనక వైపు చూపించేవి తక్కువ.

నేనూ మోసపోయాను. ఓ జిరాక్స్ షాపు మిషన్‌కు ఎస్‌ఎంపీఎస్ మార్చాను, ర్యామ్ మార్చాను. విండోస్ వేస్తుంటే సగంలో ఆగింది. అప్పుడైనా బుర్ర వెలగలేదు. మూడోసారి "అన్నా, మల్లా బందైంది" అని ఫోన్ వచ్చాక బోర్డు మొత్తం విప్పి తిరగేశాను. మూడు రంధ్రాల్లో తెల్ల కాళ్లు విచ్చుకుని, మధ్యలో నల్ల పుల్ల దిగి ఉంది. నాలుగో దాంట్లో తెల్ల కాళ్లు ముడుచుకునే ఉన్నాయి. అంతకు ముందు నెల దాన్ని దులిపి బిగించింది నేనే. ఎస్‌ఎంపీఎస్ డబ్బులు వెనక్కిచ్చాను.

బిగించే పద్ధతి ఇది. పిన్ను తలను బాణం గుర్తు వైపు తిప్పితే ఊడుతుంది. చాలామంది బిగించడానికే అటు తిప్పుతారు. బిగించే ముందు బాణానికి ఎదురు తిప్పి మొదటి చోటికి తేవాలి. తర్వాత ఒక మూల, దానికి ఎదురు మూల, ఆపైన మిగతా రెండూ, ఒక్కోటీ టక్ మనేదాకా నొక్కాలి. కూలర్ లేపితే ప్రాసెసర్‌కూ దానికీ మధ్య ఉండే పాత థర్మల్ పేస్ట్ తుడిచేసి కంది గింజంత కొత్తది పెట్టాల్సిందే. చివరికి వెనక వైపు చూడాలి. కొత్త క్యాబినెట్లలో అక్కడ కిటికీ ఉంటుంది. పాతవాటిలో బోర్డు విప్పాలి, అందుకే అందరూ ఎగ్గొడతారు. అంత ఓపిక లేకపోతే ఒక్కో పిన్నునూ వేళ్లతో మెల్లగా పైకి లాగండి. దిగినది కదలదు.

పవర్ బటన్ లోపల ఇరుక్కుంటే ఆన్ అయిన నాలుగైదు సెకన్లకే ఆఫ్ అవుతుంది, దాన్ని పైకి లాగితే చాలు. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బడం అరుదు, ఉబ్బితే చూడగానే తెలుస్తుంది.

పిన్ను కాలు విరిగితే ఫెవిక్విక్ పెట్టకండి, వేడికి ఊడుతుంది. పిన్నులు నాలుగూ సెట్‌గా విడిగా దొరుకుతాయి.