మౌనంగా కనిపెట్టడం – 3వ పాఠం: బియ్యం కడిగేటప్పుడు

కనిపెట్టడం అంటే ఇక్కడ ప్రభువు కోసం ఎదురుచూడటం. తెల్లవారుజామున ఏమీ అడగకుండా ప్రభువు సన్నిధిలో కాసేపు కూర్చోవడం కిందటి రెండు పాఠాల్లో మొదలుపెట్టాం. కూర్చున్నంతసేపూ బాగానే ఉంటుంది. లేచి వంటింట్లోకి అడుగుపెట్టగానే కుక్కరు, పిల్లల స్కూల్ బస్సు, వాట్సాప్ మెసేజీలు అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, ఇందాకటి నెమ్మది ఎటు పోయిందో కూడా తెలియదు. అందుకే ఈసారి ఆ మౌనాన్ని పనిలోకి ఎలా తీసుకెళ్లాలో నేర్చుకుందాం.

ముందు బైబిల్లో మొదటి రాజులు 19వ అధ్యాయం తెరవండి. గాలి, భూకంపం అన్నీ అయిపోయాక ఏలీయా ప్రవక్తకు నిమ్మళమైన స్వరం వినబడిందని మనందరికీ తెలుసు, ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. కానీ అంతకుముందు జరిగింది చూడండి. ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటూ చెట్టు కింద పడుకున్న మనిషిని దేవుడు మందలించలేదు, నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు చూపించాడు, ఏలీయా తిని తాగి మళ్లీ పడుకున్నాడు, దూత రెండోసారి కూడా వచ్చి లేపి తినమన్నాడు. హోరేబు కొండకు ప్రయాణం, ఆ స్వరం ఇవన్నీ ఆ తర్వాతే! ప్రార్థనలో కునుకు వస్తోంది, నాలో భక్తి తగ్గిపోయిందేమో అని టెన్షన్ పడేవాళ్లు ఈ భాగం నెమ్మదిగా చదవండి. ఒంటికి విశ్రాంతి లేకపోతే మౌనం నిలవదు, కాబట్టి రాత్రి త్వరగా పడుకోవడం కూడా ఈ సాధనలో భాగమే.

ఇప్పుడు అభ్యాసం. రోజూ తప్పకుండా చేసే ఒక్క పని ఎంచుకోండి. నేను బియ్యం కడగడం చెబుతాను. ఫోన్ పక్క గదిలో పెట్టండి, ఆరాధన పాటలు కూడా ఆపేయండి (చాలామందికి ఇదే కష్టం, పాట లేకపోతే ఇల్లు బోసిపోయినట్టుంటుంది). గిన్నెలో నీళ్లు పోసి చేత్తో కలుపుతుంటే మొదటి నీళ్లు తెల్లగా వస్తాయి, గింజలు వేళ్ల మధ్య గరుకుగా తగులుతాయి. అప్పుడు లోపల ఒక్కమాట, "ప్రభువా, నీవు ఇక్కడే ఉన్నావు" అనండి. ఇంకేమీ అడగొద్దు. రెండోసారి కడిగేలోపే మనసు ఈఎంఐ మీదికో, నిన్న ఎవరో అన్న మాట మీదికో వెళ్లిపోతుంది. వెళ్లనివ్వండి. తెలిసిన క్షణాన మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా మళ్లీ ఆ ఒక్కమాట అనుకుని చేతిలో ఉన్న పనికి తిరిగి రండి.

ఇది విశ్వాసులు చేయదగ్గదేనా అని కొందరికి సందేహం వస్తుంది. మనం మనసును ఖాళీ చేసుకోవడం లేదు. మనతో ఉన్న ప్రభువు వైపు దాన్ని తిప్పుకుంటున్నాం, అంతే.

పక్కన మిక్సీ మోగుతుంటే ఎలా అంటారా? 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక కార్మెలైట్ (కాథలిక్ సన్యాసుల) మఠంలో లారెన్స్ అనే సహోదరుడు ఉండేవాడు. ఒకప్పుడు సైనికుడు, గాయపడి కుంటివాడయ్యాడు. మఠంలో ఆయనకు వంటింటి పని అప్పగించారు, అది ఆయనకు స్వతహాగా ఇష్టం లేని పని. అయినా పెనం మీద ఆమ్లెట్ తిరగేయడం కూడా దేవుని మీద ప్రేమతోనే చేస్తానన్నాడు. గిన్నెల చప్పుడు మధ్య, నలుగురూ నాలుగు అడుగుతున్నప్పుడు కూడా ప్రార్థనలో ఉన్నంత నెమ్మదిగా దేవునితో ఉండగలిగాడు. అది ఒక్కరోజులో వచ్చింది కాదు, మొదట్లో ఏళ్ల తరబడి ఆయన లోలోపల చాలా నలిగాడు.

వంట చేయనివాళ్లు బస్సు కోసం నిలబడే సమయాన్ని, బట్టలు ఇస్త్రీ చేసే సమయాన్ని తీసుకోండి. ఒళ్లు పులకరించాలని, కన్నీళ్లు రావాలని ఎదురుచూడొద్దు. ఆ స్వరం విన్న తర్వాత కూడా ఏలీయా 'నేనొక్కడినే మిగిలాను' అన్న పాత ఫిర్యాదునే పొల్లుపోకుండా మళ్లీ చెప్పాడు, దేవుడు అది విని దమస్కు దారి పట్టమని, ఫలానా ముగ్గుర్ని అభిషేకించమని పని చెప్పాడు. మీకూ బియ్యం పొయ్యి మీద పెట్టాక ఒకరికి ఫోన్ చేయాలనో, ఎవరినైనా క్షమాపణ అడగాలనో అనిపిస్తే వాయిదా వేయకండి.

వచ్చే పాఠం వరకు ఈ ఒక్క పనే, రెండోది కలపొద్దు. ఇంట్లో గొడవైన రోజున మౌనంగా ఉండటానికీ, మూతి ముడుచుకుని ఉండటానికీ తేడా ఏమిటో 4వ పాఠంలో చూద్దాం.