పాత సీపీ చైర్ ఇంకో పిల్లకు ఇచ్చే ముందు

హనుమకొండలో మా వీధి బాబు ఎదిగిపోతే, అతని సీపీ చైర్‌ను, అంటే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు ఒరిగిపోకుండా కూర్చోడానికి చేసిన చక్రాల కుర్చీని, నర్సంపేటలో ఒక పాపకు ఇచ్చేటప్పుడు నేనే దగ్గరుండి బాగుచేయించాను, అందుకే ఇంత వివరంగా చెప్తున్నా. ముందు ఫోమ్ తీసేయండి. ఎంత ఉతికినా చొంగ వాసన లోపలే ఉండిపోతుంది, బండి సీట్లు కుట్టే షాపులో కొత్తది వేస్తారు. ఫ్రేమ్ సబ్బునీళ్లతో తోమి ఆరాక, వెల్డింగ్ అతుకుల మీద వేలితో తడిమి చూడండి, పగులు తగిలితే ఇక ఆ చైర్ వద్దు. టైర్లు, బేరింగులు సైకిల్ షాపులో చూస్తారు. బ్రేకు వేసి గట్టిగా తోయండి, కొంచెం కదిలినా ఇవ్వొద్దు.

తర్వాత కొలత, అసలు సంగతి ఇదే. నడుము వెనక్కి ఆనాలి, పాదాలు పూర్తిగా కింద కాళ్లు పెట్టుకునే పలక మీద ఉండాలి, మోకాలి వెనకకూ సీటు అంచుకూ మధ్య రెండు వేళ్లు పట్టాలి. ఆ పాపకు సీటు లోతెక్కువై ముందుకు జారిపోతుంటే, ఫిజియోథెరపిస్టు చూసి సరే అన్నాకే వీపు వెనక గట్టి దిండు కట్టాం. మొదటిరోజు అరగంట కూర్చోబెట్టి దించాక తుంటి, వీపు చూడండి, ఎర్రమచ్చలు తగ్గకుండా ఉంటే మళ్లీ సరిచేయించాలి.

పాదం, చీలమండ సరిగ్గా నిలిచేలా కాళ్లకు వేసే ఏఎఫ్‌ఓలు, వినికిడి మిషన్ చెవి అచ్చులు మాత్రం ఇంకొకరికి పెట్టొద్దు, అవి ఒక్కరి కొలతకే చేసినవి. అలాంటివి, వికలాంగులకు పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద అడగొచ్చు, మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడ కనుక్కోండి.