ఫిజియోథెరపీకి లేచే ముందు: చేసేవాళ్లకీ, పక్కనుండే వాళ్లకీ

కదలిక తగ్గుతున్నవాళ్లు ఇంట్లో వ్యాయామాలు మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

• మంచం మీంచి ఒక్కసారిగా లేవద్దు. అంచున కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు.

• ఉత్త సాక్సులతో నడవద్దు. నేల మీద తడి, చార్జర్ వైర్లు లేకుండా చూడండి.

• వాకర్ ఎత్తు సరిచూడండి. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. పట్టుకుంటే మోచేయి కొద్దిగా వంగాలి. కింద రబ్బరు అరిగితే మార్చేయండి.

• ఇక అసలు చిక్కు, సాయం. "నేనే లేస్తాలే" అని మొండికేయడం సహజమే. ఎవరికి మాత్రం ఇష్టం, మరొకరు పట్టుకుంటే తప్ప లేవలేకపోవడం? అలాగని అన్నిటికీ వద్దనక్కర్లేదు, అన్నీ పక్కనున్నవాళ్లకే వదిలేయక్కర్లేదు. "లేచేటప్పుడు పట్టుకో, నడిచేటప్పుడు పక్కనుంటే చాలు" అని ముందే తేల్చి చెప్పండి. మధ్యలో అరుచుకుంటే ఇద్దరికీ టెన్షనే.

• పట్టుకునేవాళ్లు బలం తక్కువున్న వైపు, కాస్త వెనగ్గా నిలబడాలి. చెయ్యి పట్టి లాగొద్దు, చంకల కింద ఎత్తొద్దు. పక్షవాతం వచ్చిన వైపు భుజానికి ఇది మరీ ప్రమాదం. పట్టుకోవడానికి వీలుగా నడుముకి కట్టే బెల్టు ఎలా వాడాలో థెరపిస్టు దగ్గర నేర్చుకోండి. తొందరపెట్టడం అసలొద్దు.

• ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే వ్యాయామం ఆపి అదే రోజు డాక్టరుకి చూపించండి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.