కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాణ్ని అంచనా వేయడం ఎలా?

"మావోడు ఆరడుగుల రెండంగుళాలండి, ఆయ్!" కోనసీమ నుంచి కొడుకును వెంటబెట్టుకుని సెలక్షన్‌కి వచ్చిన ఒక తండ్రి నాతో అన్న మొదటి మాట అది. కుర్రాడి పేరు ఆ తర్వాత చెప్పారు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మన దగ్గర బాస్కెట్‌బాల్ అనగానే ఎవరైనా ముందు అడిగేది ఎత్తే. పొడుగ్గా ఉన్న పన్నెండు మందిని వరసగా నిలబెట్టి జట్టు రాసేసిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ జట్టు మొదటి రౌండ్‌లోనే మధ్యాహ్నం బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

ఆ తర్వాత నెమ్మదిగా నేర్చుకున్న పద్ధతి ఇది. కొత్తగా చేరిన పీడీలకు (కాలేజీ వ్యాయామ అధ్యాపకులకు), జట్టు కెప్టెన్లకు, పిల్లల ఆట చూస్తూ టెన్షన్ పడే తల్లిదండ్రులకు పనికొస్తుంది. దీనికి ఖరీదైన సామాను ఏమీ అక్కర్లేదు. ఒక రూళ్ల పుస్తకం, కొలత టేపు, సుద్దముక్క ఉంటే చాలు.

1. ముందు కోర్టును చూడండి

గోదావరి డెల్టాలో చాలా కాలేజీల్లో ఆట ఆరుబయట సిమెంటు కోర్టు మీదే. రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో ఉండాలి. పాత కోర్టు మీద మళ్లీ సిమెంటు పోస్తే నేల లేస్తుంది, రింగు ఆ మేరకు కిందికి వచ్చినట్టే. త్రీ పాయింట్ గీత, అంటే దాని అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లు వచ్చేది, రింగు నుంచి 6.75 మీటర్లు. 2010కి ముందు అది 6.25 ఉండేది. రింగు ముందు రంగు వేసిన భాగం దీర్ఘచతురస్రంగా కాకుండా ఎండ్ లైన్ (రింగు వెనకున్న కోర్టు చివరి గీత) దగ్గర వెడల్పుగా, పైకి సన్నంగా కనిపిస్తే అది పాత కొలతల కోర్టని లెక్క. అక్కడ హాయిగా త్రీలు వేసే కుర్రాడు బయట టోర్నమెంట్‌కి వెళ్తే అర మీటరు వెనక నుంచి వేయాలి. వాడి షూటింగ్ పడిపోయిందని మనం అనేసుకుంటాం. పడిపోలేదు, గీత జరిగింది.

గాలి సంగతి కూడా చూసుకోవాలి. కాకినాడ, నరసాపురం లాంటి సముద్రం పక్క ఊళ్లలో వేసవి సాయంత్రం పైరగాలి మొదలైతే మనకు హాయిగానే ఉంటుంది కానీ, దూరం నుంచి వేసిన బంతి పక్కకు పోతుంది. షూటింగ్ చూడాలంటే పొద్దున్న ఆరింటికి చూడండి. అమ్మాయిల జట్టైతే బంతి 6వ సైజుదేనా అని చూడాలి. అబ్బాయిల 7వ సైజు బంతితో సాధన చేయించి, "షాట్ రావట్లేదు" అని రాసేయడం చాలాచోట్ల చూశాను.

2. ఒక్క మ్యాచ్‌తో తేల్చేయకండి

కనీసం మూడుసార్లు చూడండి. ఒకసారి ప్రాక్టీసులో, ఒకసారి సాయంత్రం స్నేహితులతో సరదాగా ఆడేటప్పుడు, ఒకసారి గెలుపోటములున్న మ్యాచ్‌లో. ఈ మూడింట్లోనూ ఒకేలా ఆడేవాళ్లు తక్కువ. కూర్చునేది జనం మధ్య కాదు, ఎండ్ లైన్ మూలన. అక్కడి నుంచైతే బంతికి అవతల ఎవరు ఏం చేస్తున్నారో కనిపిస్తుంది.

3. బంతి చేతిలో లేనప్పుడు చూడండి

మొత్తం పద్ధతిలో నేను ఎక్కువ సమయం పెట్టేది దీనికే. లెక్క వేసుకోండి. మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టులో పదిమంది, బంతి ఒక్కటే. అందరికీ సమానంగా పంచినా ఒక్కొక్కరి చేతిలో అది ఉండేది నాలుగు నిమిషాలు. మిగతా 36 నిమిషాలు వాడు ఏం చేస్తున్నట్టు? మన కళ్లు బంతి వెంట పోతాయి కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు. అందుకే పది నిమిషాల క్వార్టర్ ఒకటి పూర్తిగా ఒక్క కుర్రాడి మీదే కళ్లు పెట్టండి. స్కోరు ఎంతైందో పక్కవాణ్ని అడిగి తెలుసుకోవచ్చు.

ఒక వాన వెలిసిన సాయంత్రం, కోర్టు మూలన నిలిచిన నీటిని పిల్లలు గోనెసంచితో తుడిచి ఆట మొదలుపెట్టారు. పాలకొల్లు వైపు నుంచి వచ్చే ఫస్టియర్ కుర్రాడొకడు, బక్కపల్చగా, షర్టులో ఇంకొకడు పట్టేలా ఉన్నాడు. బంతి అవతలి పక్కన ఉంది. వాడు తన మనిషిని వదిలి రెండడుగులు రింగు వైపు జరిగి నిలబడ్డాడు. ఒక చెయ్యి తన మనిషి వైపు, ఇంకో చెయ్యి బంతి వైపు చాపి, తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. "ఉన్నా, ఉన్నా" అని వాడి గొంతు మూల దాకా వినపడుతోంది. అవతలి జట్టు పొడుగు కుర్రాడు డ్రిబుల్ చేసుకుంటూ లోపలికి దూసుకొచ్చేసరికి వీడు ముందే వచ్చి దారిలో నిలబడి ఉన్నాడు. ఆ పొడుగువాడు వచ్చి వీణ్ని గుద్దేశాడు. ముందే నిలబడ్డవాణ్ని గుద్దితే చార్జింగ్ ఫౌల్, బంతి మనది. లేచి తడి నిక్కరు దులుపుకుని మళ్లీ పరిగెత్తాడు. స్కోర్ షీటులో వాడి పేరు ఎదురుగా ఆ క్వార్టర్‌లో ఒక్క పాయింటూ లేదు. ఆ రోజు నేను ఎక్కువగా రాసుకున్నది వాడి గురించే.

పుస్తకంలో నాలుగు గడులు గీసుకుని, జరిగినప్పుడల్లా ఒక్కో గీత పెట్టండి. షాట్ వేయగానే ఎదుటివాణ్ని వీపుతో అడ్డుకుని రీబౌండ్‌కి, అంటే పడకుండా తిరిగొచ్చే బంతికి, వెళ్లాడా? బంతి పోగానే వెనక్కి పరిగెత్తాడా, నడిచాడా? డిఫెన్స్‌లో నోరు తెరిచాడా? పాస్ ఇచ్చాక కదిలాడా, చూస్తూ నిలబడ్డాడా? ఈ నాలుగో గడిలో మన పిల్లలు తరచుగా తప్పుతారు. పాస్ ఇవ్వడంతో తమ పని అయిపోయిందనుకుంటారు. రీబౌండ్ అనగానే మళ్లీ ఎత్తు గుర్తొస్తుంది కాబట్టి ఒక్క మాట. డెన్నిస్ రాడ్‌మన్ ఆరడుగుల ఏడంగుళాల మనిషి, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ లెక్కలో రింగు కింద ఆడేవాళ్లకు అదేం పెద్ద ఎత్తు కాదు. అయినా 1992 నుంచి 1998 దాకా వరసగా ఏడు సీజన్లు రీబౌండ్లలో మొదటి స్థానం ఆయనదే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కాలేజీ మ్యాచ్‌ల్లో చాలా జట్లు జోన్ డిఫెన్స్ వేసుకుని నిలబడతాయి. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, ఎవరి చోటు వాళ్లది. జోన్‌లో కాళ్లు కదలనివాడు కూడా దాక్కోగలడు. అందుకని ప్రాక్టీసులో ఓ ఐదు నిమిషాలు మ్యాన్ టు మ్యాన్, అంటే ఒక్కొక్కరు ఒక్కో మనిషిని కాస్తూ, ఆడమనండి. మోకాళ్లు వంచి పక్కకు జరుగుతున్నాడా, కాళ్లు పెనవేసుకుని చెయ్యి వేస్తున్నాడా అన్నది అప్పుడు బయటపడుతుంది.

4. పాయింట్లు కాదు, ఎన్ని షాట్లకు ఎన్ని పాయింట్లో చూడండి

పన్నెండు పాయింట్లు కొట్టినవాడు పదకొండు కొట్టినవాడి కంటే మేలా? మొదటివాడు 14 షాట్లు వేస్తే ఆరు పడ్డాయి, అన్నీ రెండు పాయింట్లవే. రెండోవాడు 10 షాట్లు వేస్తే నాలుగు పడ్డాయి, అందులో మూడు త్రీలు. త్రీకి విలువ ఒకటిన్నర రెట్లు కాబట్టి పడిన ప్రతి త్రీకి అదనంగా అర కలపండి. రెండోవాడిది నాలుగుకి ఒకటిన్నర కలిపి ఐదున్నర, పదికి. అంటే 55 శాతం. మొదటివాడిది 43 శాతం. జట్టుకు వచ్చే అవకాశాలు లెక్క ప్రకారమే వస్తాయి కాబట్టి నాలుగు షాట్లు ఎక్కువ వాడుకుని ఒక్క పాయింటు ఎక్కువ తెచ్చినవాడు హీరో కాడు. ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగినందుకు అడ్డు లేకుండా వేసే షాట్లు) ఈ లెక్కలో కలపకండి, వాటిని విడిగా రాసుకోండి.

పాస్‌తో వేరేవాడి చేత పాయింటు వేయించిన సార్లు ఒక పక్క, బంతి పోగొట్టుకున్న సార్లు ఒక పక్క రాయండి. బంతి తీసుకొచ్చే గార్డుకు రెండోది మొదటిదాన్ని దాటిపోతుంటే ఆలోచించాల్సిందే. అయితే ఒక మ్యాచ్ శాతాలు నమ్మకండి. పది షాట్లలో రెండు అటూ ఇటూ అయితే అంకె తలకిందులవుతుంది. ఐదారు మ్యాచ్‌లు కలిపి చూడండి.

5. ఎత్తు సరే, బార కొలవండి

రేవులో తాళ్లు కొలిచేవాళ్లను అడగండి, బార అంటే ఏంటో చెబుతారు. చేతులు రెండూ బార్లా చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా. చాలామందికి అది వాళ్ల ఎత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. ఎత్తు కంటే బార నాలుగైదు అంగుళాలు ఎక్కువున్న కుర్రాడు దొరికితే, వాడు ఆరడుగులు లేకపోయినా వదలకండి. షాట్ అడ్డుకునేదీ, పాస్ లాగేసుకునేదీ చేతులే కదా. గోడ పక్కన నిలబెట్టి చెయ్యి పైకెత్తించి అందిన చోట గీత పెట్టండి. తర్వాత వేళ్లకు సుద్ద పూసి ఎగరమనండి. రెండు గీతల మధ్య దూరం వాడి జంప్.

ఎగరడం అందరూ చూస్తారు, దిగడం చూసేవాళ్లు తక్కువ. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలిపోతున్నాయా చూడండి. అమ్మాయిల్లో ఇది ఎక్కువ. మోకాలి లోపలి లిగమెంట్ తెగే ప్రమాదం అలా దిగేవాళ్లకు ఎక్కువగా ఉంటుంది, పైగా మనది సిమెంటు నేల. ఇది కనిపిస్తే ఆటలో లోపంగా కాదు, ముందు సరిచేయాల్సిన పనిగా రాయండి.

ఎత్తే అంతా అనేవాళ్లకు సత్నామ్ సింగ్ సంగతి చెబుతాను. పంజాబ్ పల్లెటూరి కుర్రాడు, ఏడడుగుల పైన ఎత్తు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2015లో డల్లాస్ మావెరిక్స్ జట్టు తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు. అయినా ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు.

6. ఎడమచెయ్యి, అలసిన చెయ్యి

రింగుకు ఎడమవైపు నుంచి ఎడమచేత్తో పది లే-అప్‌లు (రింగు దగ్గరికి పరిగెత్తి వేసే షాట్లు) వేయించండి. ఎన్ని పడ్డాయో రాయండి. కుడిచెయ్యి వాటం ఉన్న కాలేజీ పిల్లల్లో సగం మంది ఈ పరీక్షలోనే నవ్వేస్తారు, సిగ్గుతో.

ఇక ఫ్రీ త్రోలు. బోర్డుకు 4.6 మీటర్ల దూరం, అడ్డుకునేవాడు లేడు, గాలి తప్ప వంక చెప్పడానికి ఏమీ లేదు. అందుకే షూటింగ్ తీరు ఎలా ఉందో తెలియాలంటే దీన్ని మించింది లేదు. తీరిగ్గా పది వేయించండి. తర్వాత 28 మీటర్ల కోర్టు ఆ కొస నుంచి ఈ కొసకు ఆరుసార్లు పరిగెత్తించి, ఊపిరి తీసుకోనివ్వకుండా ఇంకో పది. మొదట ఎనిమిది పడి తర్వాత నాలుగు పడితే వాడి చేతిలో లోపం లేదు, ఊపిరిలో ఉంది. మన ఉక్కపోతలో ఈ రెండో అంకే నాలుగో క్వార్టర్‌లో కనిపిస్తుంది. మే నెలలో మాత్రం ఈ పరీక్ష పెట్టకండి.

7. తప్పు చేశాక మూడు సెకన్లు

బంతి పోగొట్టుకున్నాక వాడి మొహం ఎటు తిరిగిందో చూడండి. రిఫరీ వైపా, తోటి ఆటగాడి వైపా, లేక తన రింగు వైపా? బెంచీ మీద ఉన్నప్పుడు ఆట చూస్తున్నాడా, ఫోను చూస్తున్నాడా? ఇంతకు మించి మనస్తత్వ శాస్త్రం అక్కర్లేదు.

8. వయసు, ఆట మొదలెట్టిన ఏడాది అడగండి

ఇంటర్ దాటి వచ్చిన పదిహేడేళ్ల వాడూ, డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న ఇరవై ఒక్కేళ్ల వాడూ ఒకేలా ఆడుతుంటే ఇద్దరూ సమానం కాదు. మొదటివాడికి ఇంకా ఒళ్లు నిండాలి. అలాగే చిన్నప్పటి నుంచి ఆడుతున్నవాడినీ, వాలీబాల్ ఆడుతూ రెండేళ్ల కిందట ఇటు వచ్చినవాడినీ ఒకే కొలబద్దతో కొలవకండి. నన్నయ విశ్వవిద్యాలయం ట్రయల్స్‌కైనా, కాకినాడ జేఎన్‌టీయూ ట్రయల్స్‌కైనా అప్పటికి బాగా ఆడేవాణ్నే తీసుకుంటారు, తీసుకోవాలి కూడా. మీ కాలేజీలో మాత్రం రెండేళ్ల తర్వాత ఎవరు ఎక్కడుంటారో చూసుకునే వీలు మీకుంది.

9. పేజీ రాయండి, ఒక్కటే చెప్పండి

బలాలు ఒక పక్క రాయండి. లోపాలను రెండుగా విడదీయండి. నెలల్లో మారేవి: ఎడమచెయ్యి, ఊపిరి, డిఫెన్స్ నిలుచునే తీరు, పాస్ ఇచ్చాక కదలడం. ఏళ్లు పట్టేవి: షాట్ వేసే చేతి తీరు, ఒంటి బలం. కోర్టులో ఎటు ఖాళీ ఉందో ముందే పసిగట్టడం అన్నింటికంటే ఆలస్యంగా వస్తుంది, కొందరికి రాదు కూడా.

పేజీ మొత్తం కుర్రాడి ముందు చదవకండి. నేను ఒకసారి అలా తొమ్మిది లోపాలు ఏకరువు పెడితే, వాడు "సరే సార్" అని వెళ్లి వారం పాటు గ్రౌండ్‌కే రాలేదు. ఇప్పుడు ఒక్కటే చెబుతాను, అదీ అంకెతో. "ఎడమచేత్తో పదికి మూడు పడుతున్నాయిరా, సంక్రాంతి సెలవుల్లోపు ఆరు కావాలి." ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం బలాల వైపు నుంచి మొదలుపెట్టండి. చదువు పాడవుతుందని ఆపేసే తల్లిదండ్రులు మన జిల్లాల్లో తక్కువేం కాదు.

10. మూడు నెలల తర్వాత అదే పేజీ తీయండి

అదే కోర్టు, అదే వేళ, అవే పరీక్షలు. పక్కవాడితో కాదు, వాడి పాత అంకెలతోనే పోల్చండి. ఆ పాలకొల్లు కుర్రాడి పేజీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. అక్టోబరులో ఎడమచేత్తో మూడు. జనవరిలో, పండగ అరిసెలు తిని కాస్త ఒళ్లు చేసి వచ్చాక, ఏడు. పరిగెత్తాక వేసిన ఫ్రీ త్రోలు మాత్రం ఐదు నుంచి నాలుగుకి దిగాయి. దాని పక్కన "అరిసెలు?" అని రాసుకున్నాను.